సూదికీ తిండికీ మధ్య అరగంట

మా పిల్లికి షుగర్ వచ్చిందని చెబితే జగ్గయ్యపేటలో నవ్వని మనిషి లేడు. "పిల్లికి షుగరేంటండీ, మీరు మరీనూ! రేపు బీపీ కూడా వస్తుందేమో చూసుకోండి" అని మా వీధి చివర మందుల షాపతను కౌంటరు మీద చరిచి మరీ నవ్వాడు. నవ్వనివ్వండి. పిల్లికి బీపీ కూడా వస్తుంది. ఆ సంగతి అప్పటికి నాకూ తెలియదు కాబట్టి ఏమీ అనకుండా సూదులు తీసుకుని వచ్చేశాను.

దాన్ని ఇంటికి తెచ్చింది నాన్న. ఒక వానాకాలం కాలవ గట్టున తడుస్తుంటే చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. తెలుపూ పసుపూ కలిసిన గండుపిల్లి. పేరంటూ ఏమీ పెట్టలేదు. అమ్మ "ఏరా" అనేది, అది వచ్చేది. నాన్న పోయాక ఆయన మడత మంచం దానిదైపోయింది. నేను నందిగామలో స్కూలు టీచర్ని. పొద్దున బస్సెక్కితే మళ్లీ సాయంత్రానికి గాని ఇల్లు చేరను. పగలంతా ఇంట్లో ఉండేది అమ్మా, అదీ. నా పెళ్లి మాట మాత్రం ఎత్తకండి, అది ఇక్కడ చెప్పే కథ కాదు.

అమ్మకి చాలా ఏళ్లుగా షుగర్. తన ఇన్సులిన్ తనే వేసుకునేది, ఎవర్నీ చెయ్యి వేయనిచ్చేది కాదు. అలాంటి మనిషి నాన్న పోయాక సూది మానేసింది. మానేశానని చెబితే పోట్లాడొచ్చు. చెప్పదు కదా! "వేసుకున్నానే" అంటుంది. ఫ్రిజ్ తలుపులో బుడ్డి మాత్రం నిండుగా అలాగే ఉంటుంది. కుడికాలి బొటనవేలి పక్కన పుండు పడింది, ఎంతకీ మానదు. డాక్టరు చూసి ఇలాగే ఉంటే వేలు తీసేయాల్సి వస్తుందన్నాడు. "తీసేయండి బాబూ, ఇంకెక్కడికి నడవాలి నేను" అంది అమ్మ, పంటి నొప్పికి పన్ను పీకమన్నంత తేలిగ్గా. బయటికొచ్చాక నేను ఆటో స్టాండు దగ్గరే అరిచాను. ఆవిడ చెంగు సర్దుకుని, "ఆయనే లేనప్పుడు నాకెందుకే ఈ పోట్లు" అంది.

నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. అన్నం మానేసి అలిగాను. చర్చిలో పాస్టరుగారితో చెప్పించాను. ఏం లాభం లేదు. రోజూ బస్సులో కూర్చుని ఇవాళ ఇంటికెళ్లేసరికి ఈవిడ ఎలా ఉంటుందో అనుకుంటూ వెళ్లేదాన్ని. నాకు అమ్మ తప్ప ఎవరూ లేరు. ఆ భయం ఎలాంటిదో ఎవరికి చెప్పుకోను?

ఆ ఎండాకాలం పిల్లి నీళ్లు తెగ తాగడం మొదలుపెట్టింది. గిన్నెలో పోసినవి చాలక బాత్రూంలో బకెట్టు అంచు మీద ముందు కాళ్లు పెట్టి, తల లోపలికి వంచి, చప్పుడొచ్చేలా తాగేది. మా ఊరి ఎండలు తెలిసిందే. సున్నపురాయి నేల, చుట్టూ సిమెంటు దుమ్ము, మధ్యాహ్నం గోడ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. మనుషులే కుండలు ఖాళీ చేస్తుంటే పిల్లి తాగడంలో వింతేముంది అనుకున్నాం. తిండి కూడా బాగా తినేది. తింటూనే చిక్కిపోయింది. "ఎండకి కరిగిపోతున్నాడు వెధవ" అనేది అమ్మ.

తర్వాత వెనక కాళ్లు తేడాగా పెట్టడం మొదలైంది. పిల్లి మునివేళ్ల మీద నడుస్తుంది కదా, ఇది మడమలు నేలకానించి చతికిలబడినట్టు నడిచేది. ప్రహరీ ఎక్కబోయి సగంలో జారేది. గోడ మీంచి పడి నడుం పట్టేసి ఉంటుందని పక్కింటి పిన్ని ఆముదం రాయమంది. మా ఊళ్లో పశువుల డాక్టరుగారికి చూపిస్తే నడుం నొక్కి చూసి, ఎముక విరగలేదని చెప్పి బలానికి ఏదో ఇంజెక్షన్ చేశారు. "నా దగ్గరికొచ్చేవన్నీ గేదెలూ మేకలేనమ్మా. పిల్లుల సంగతి నాకంత తెలీదు. విజయవాడలో చూపిస్తే మంచిది" అన్నారు. తెలియనిది తెలియదని చెప్పిన మనిషి మీద నాకు కోపం లేదు.

జబ్బేంటో కనిపెట్టింది మాత్రం అమ్మే. పిల్లి బయట ఇసక కుప్ప దాకా వెళ్లలేక బాత్రూం మూల తడిపేసింది. నేను తిట్టుకుంటూ నీళ్లు కొట్టబోతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి ఆగమంది. వంగి చూసింది. ఆ తడి చుట్టూ చీమలు పట్టి ఉన్నాయి.

"ఏమే, వాడికి షుగరే" అంది.

"నీ మొహం. పిల్లికి షుగరేంటి?"

"మా అమ్మకి ఇలాగే కనిపెట్టారు. దొడ్లో చీమలు చూసి. అప్పట్లో ఈ మిషన్లేం ఉన్నాయి? చూడు, నీళ్లు తాగడం, తిన్నది ఒంటికి పట్టకపోవడం, కాళ్లలో సత్తువ లేకపోవడం. నాకున్నవన్నీ వాడికున్నాయి."

ఆ ఆదివారం కూరగాయల బుట్టలో దాన్ని కూర్చోబెట్టి పైన తువ్వాలు కట్టి విజయవాడ తీసుకెళ్లాం. అమ్మ ప్రార్థన మానేసి బయలుదేరడం నేను చూడటం అదే మొదలు. అక్కడ కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టరమ్మ చెవి అంచున చిన్నగా గుచ్చి రక్తం చూసింది. షుగర్ చాలా ఎక్కువ ఉంది. అయినా వెంటనే తేల్చలేదు. భయానికి కూడా పిల్లులకి షుగర్ పెరుగుతుందట, ఆ ఒక్కటే చూసి సూది మొదలెడితే ప్రమాదమట. మూత్రం చూసింది, అందులోనూ షుగర్ ఉంది. కిడ్నీలు పాడైనా ఇలాగే నీళ్లు తాగుతాయని చెప్పి అది కూడా పరీక్ష చేయించింది. కిడ్నీలు బాగానే ఉన్నాయి. అప్పుడు చెప్పింది, షుగరేనని. అమ్మ నా వైపు చూసిన చూపు చూడాలి! ఎమ్మే బీయెడ్డు చదివిన నేను ఆ రోజంతా ఆవిడ ముందు నోరెత్తలేదు.

మందు మనుషులదే, రకం వేరు. రోజుకి రెండు పూటలా సూది. అన్నం, పాలు బంద్. చేపలు, కోడిమాంసం, ఉప్పూ కారం ఉల్లిపాయా లేకుండా ఉడకబెట్టి పెట్టాలి. డాక్టరమ్మ అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఒకటే మాట. "ముందు తిండి. అది తిన్నది మీ కళ్లతో చూడాలి. ఆ తర్వాతే సూది. తినకపోతే ఆ పూట సూది లేదు."

అమ్మకి అది నచ్చలేదు. "నాకు సూదేసుకుని అరగంటాగి తినమన్నారమ్మా. ఇన్నేళ్లుగా అలాగే చేస్తున్నా."

"మీ మందు వేరండి, దీని మందు వేరు. అయినా మీకు తినమంటే తింటారు. దానికెవరు చెప్తారు? పిల్లి కదా, దానిష్టం."

"వాడు నా మాట వింటాడులే" అంది అమ్మ. డాక్టరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను.

ఇక అక్కడి నుంచి ఇల్లు మారిపోయింది. పొద్దున్నే అమ్మ పిల్లిని ఒళ్లో వేసుకుని, చెవి వెచ్చబడేదాకా వేళ్లతో నలిపి, తన షుగర్ మిషన్‌తోనే చూసేది. గిన్నె ముందు కూర్చుని అది తినేదాకా కబుర్లు చెప్పేది. మెడ వెనక చర్మం పట్టుకుని సూది వేసేది. అది కిమ్మనేది కాదు. "చూడవే, మగాడంటే వీడు" అనేది. ఆ తర్వాత అదే మిషన్‌తో తన వేలు గుచ్చుకునేది, తన సూది తను వేసుకునేది. నేను అడగలేదు, పోరలేదు. పిల్లికి పొడిచి తను మానేస్తే దానికి అన్యాయం చేసినట్టుందట ఆవిడకి! "వాడు పొడిపించుకుంటుంటే నేను తప్పించుకు తిరగనా, సిగ్గులేదూ?" అంది. నేను వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చి వచ్చాను.

సంక్రాంతి దాటేసరికి అమ్మ కాలి పుండు మానింది. పిల్లి మళ్లీ మునివేళ్ల మీద నిలబడింది. నాకు అర్థమైపోయింది, ఇంట్లో రెండు ప్రాణాలు ఒకే దారానికి వేలాడుతున్నాయని. పిల్లి సూది నడిచినంత కాలం అమ్మ సూది నడుస్తుంది. అందుకే నేను దాన్ని అంత అపురూపంగా చూసుకున్నాను. నాకు పిల్లులంటే పెద్ద ఇష్టమేమీ లేదు, నిజం చెబుతున్నా.

అంతలో శ్రమకాలం వచ్చింది. ఈస్టరుకి ముందు ఆ నలభై రోజులూ మా ఇంట్లో నీచు వండరు. మా ఇంట్లోనే కాదు, మా సందు మొత్తం అంతే. చేపలమ్మి కూడా ఆ రోజుల్లో మా సందు మొదట్లో ఆగి, ఇటు తిరక్కుండా వెళ్లిపోతుంది. మరి పిల్లికో? అమ్మ రెండు రోజులు ఆలోచించి, దానికని విడిగా ఒక గిన్నె, విడిగా ఒక కిరసనాయిలు స్టవ్వు పెరట్లో పెట్టింది. "జబ్బు మనిషికి ఉపవాసం లేదని పాస్టరుగారే అన్నారుగా. జబ్బు పిల్లికి మాత్రం ఉంటుందా?" అంది. తను మాత్రం మూడు పూటలా పప్పుచారే.

చేపలు తెచ్చే పని నాది. మా ఊరి మార్కెట్లో కొనొద్దని అమ్మ ఆర్డరు. అక్కడ కూరగాయలకొచ్చేవాళ్లలో సగం మంది మా చర్చి వాళ్లే. అందుకని నందిగామలో స్కూలు వదిలాక, చెవిటికల్లు వైపు నుంచి కృష్ణ చేపలు తెచ్చి అమ్మే ఆవిడ దగ్గర కొని, నా టిఫిన్ క్యారేజీ అడుగు గిన్నెలో పెట్టుకుని బస్సెక్కేదాన్ని. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ముక్కు ఎగబీల్చి నన్నే చూసేవాళ్లు. నేను కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ ఏమీ ఎరగనట్టు కూర్చునేదాన్ని. ఎంత దాచినా వాసన దాగుతుందా? పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగి చూసి, "ఏంటక్కా, శ్రమకాలంలో చేపల వాసన?" అంది. పిల్లికని అమ్మ చెబితే, "నలభై రోజులు ఆగలేదా ఏంటి, అదీ క్రైస్తవుల ఇంటి పిల్లేగా" అని నవ్వింది. సరదాకే అంది. అమ్మ మాత్రం ఆ మాట మనసులో పెట్టుకుంది.

ఆ రోజుల్లోనే పిల్లి షుగర్ తగ్గుతూ వచ్చింది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే మందు తగ్గించింది. మొదట్లోనే పట్టుకుని అన్నం మాన్పిస్తే కొన్ని పిల్లులకి సూదే అవసరం లేకుండా పోతుందని, రోజూ షుగర్ చూసుకోకుండా మాత్రం సూది వేయొద్దని చెప్పింది. అమ్మ మోకాళ్ల మీద కూర్చుని స్తోత్రం చెప్పుకుంది. నేను మాత్రం లోపల్లోపల భయపడ్డాను, దాని సూది ఆగిపోతే ఈవిడ సూది ఏమవుతుందోనని.

గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. ఆ ఏడాది అయిదో మాట, దాహం గురించిన మాట, అమ్మకిచ్చారు. నాన్న ఉన్నప్పుడు ఆయన మాట్లాడేవాడు. ఆయన పోయాక మా ఇంట్లోవాళ్లకి ఇవ్వడం అదే మొదలు. అమ్మ వారం ముందు నుంచీ తెల్లచీర గంజి పెట్టించి, అద్దం ముందు నిలబడి చెప్పుకుంటోంది.

ముందు రోజు మధ్యాహ్నం పోయిన కరెంటు రాత్రికి గాని రాలేదు. శుక్రవారం పొద్దున చూస్తే ఫ్రిజ్‌లో చేపలు వాసన కొడుతున్నాయి. నేను మార్కెట్టుకి వెళ్లొస్తానన్నాను. అమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"గుడ్ ఫ్రైడే నాడు మనింటి పిల్ల చేపల బుట్ట దగ్గర నిలబడిందంటే, నేను ఏ మొహం పెట్టుకుని మైకు ముందు నిలబడతానే? నందిగామ వెళ్లిరా. అక్కడ మనల్ని ఎవరూ ఎరగరు."

"వాడి సూది ఆలస్యమవుతుంది."

"అయితే అయింది. నువ్వొచ్చాకే వేద్దాం."

అలా అనుకుని బయలుదేరాను. నందిగామలో సరుకు ఆలస్యంగా వచ్చింది. కొని, బస్సెక్కి అమ్మకి ఫోన్ చేశాను. "బస్సెక్కా అమ్మా. అరగంటలో ఉంటా."

"సరే, వాడు ఆకలి మీదున్నాడు" అంది.

చిల్లకల్లు ఇవతల బస్సు ఆగిపోయింది. ముందు ఎక్కడో సిమెంటు లారీ రోడ్డుకి అడ్డంగా పడిపోయిందన్నారు. హైవే మీద లారీలు బారులు తీరాయి. మనుషులు దిగి చెట్ల కింద కూర్చున్నారు. నేనూ దిగాను. చేపలు పాడవుతాయేమోనని క్యారేజీ నీడలో పెట్టాను. అంతకుమించి నాకు తొందరేమీ లేదు. సూది పడలేదు కదా, పిల్లికి ఒక పూట ఆకలైతే కొంప మునగదు. చర్చికి వెళ్లేముందు అమ్మ ఫోన్ చేస్తే కూడా, ఇరుక్కున్నానని, ఇంకాసేపట్లో వచ్చేస్తానని చెప్పి తనని బయలుదేరమన్నాను. "వాడు పడుకున్నాడు, లేపలేదు" అంది. చివరికి ఒక షేర్ ఆటో పొలాల మధ్య దారిలో తిప్పుకుంటూ మమ్మల్ని ఊళ్లో దింపింది.

తాళం తీసి, "ఏరా" అన్నాను. రాలేదు. మడత మంచం మీద లేదు. మంచం కింద పడి ఉంది, నోటి వెంట చొంగ, మెడ వెనక్కి విరుచుకుపోయి, కాళ్లు ఈత కొడుతున్నట్టు కొట్టుకుంటూ. వంటింటి గట్టు మీద దాని సూది, మూత తీసి ఉంది. దాని తిండి గిన్నె మాత్రం కడిగి బోర్లించినది బోర్లించినట్టే ఉంది.

ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది.

అరగంటలో ఉంటానని నేనన్నాను. సూదికీ తిండికీ మధ్య అరగంట. ఇన్నేళ్లుగా ఆవిడ ఒంటికి అలవాటైన లెక్క అది. కూతురు అరగంటలో చేప తెస్తోంది, ఇప్పుడు సూది వేస్తే సరిగ్గా సరిపోతుంది అనుకుంది. తనకి వేసుకున్నట్టే పిల్లికీ వేసేసింది. ప్రసంగం హడావుడిలో షుగర్ చూడలేదు. ఫ్రిజ్‌లో పాలున్నాయి. ముందు రోజు అన్నం గిన్నెలో మిగిలి ఉంది. ఆ పాలన్నం నాలుగు మెతుకులు పెట్టినా బతికి ఉండేదేమో. కానీ పాలన్నం వాడికి విషమని డాక్టరమ్మ చెప్పింది కదా, అందుకని ముట్టనివ్వలేదు. ఎంత జాగ్రత్త మా అమ్మకి!

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. గ్లూకోజ్ పొడి తడిపి చిగుళ్లకి రాయమంది, గొంతులో మాత్రం పోయొద్దంది, పొరబోతుందట. వెంటనే తీసుకొచ్చేయమంది. ఎలా తీసుకురాను, హైవే మొత్తం లారీలు! మా ఊరి పశువుల డాక్టరుగారు వత్సవాయిలో ఈనలేకపోతున్న గేదె దగ్గర ఉన్నారు. "చెయ్యి దానిలోనే ఉందమ్మా, అవగానే వస్తా" అన్నారు. నేను నేల మీద కూర్చుని దాని తల ఒళ్లో పెట్టుకుని వేలితో చిగుళ్లకి గ్లూకోజ్ రాస్తూనే ఉన్నాను. కొట్టుకోవడం ఆగింది. కళ్లు తెరిచింది. ఒకసారి నా వేలు నాకింది. బతికిందిరా దేవుడా అనుకున్నాను.

అప్పుడు మైకులో అమ్మ గొంతు వినిపించింది. చర్చి మా వెనక సందులోనే.

"దాహమంటే ఏంటో ఈ ఏడు నాకు మా ఇంట్లో మూగజీవం చూపించిందండి. బకెట్టు పట్టుకుని తాగేవాడు. తాగినకొద్దీ దాహమే. ఎండకనుకున్నాం. ఆ దాహం వెనక జబ్బుందని మాకు తెలీలేదు. అందుకే చెప్తున్నా, ఇంట్లో ఎవరి దాహాన్నీ ఎండ మీదికి నెట్టేయకండి. మా ఆయన పోయాక నాక్కూడా బతుకు మీద విసుగు పుట్టింది. ఆ పిల్లికి సూది వెయ్యడం కోసం నేను పొద్దున్నే లేస్తున్నా. వాడు నాకు దేవుడిచ్చిన పని."

అమ్మ గొంతుకి దాని చెవి ఒకటి అటు తిరిగింది. నేను చూశాను. అమ్మ మాట అయిపోయాక పాట అందుకున్నారు. పాట మధ్యలో ఎప్పుడో మళ్లీ కాళ్లు బిగుసుకున్నాయి. గ్లూకోజ్ రాశాను. చిగుళ్లు చల్లబడ్డాయి. అది పోయింది. డాక్టరుగారు చేతులకి గేదె నెత్తుటితోనే సెలైన్ సీసా పట్టుకుని వచ్చేసరికి నేను దాని మీద నాన్న పాత తువ్వాలు కప్పి ఉంచాను. ఆయన గుమ్మంలోనే ఆగిపోయి, "అయ్యో, అమ్మా" అన్నారు.

నాకు కోపం వచ్చింది. ఎందుకు రాదు? ఊళ్లో వాళ్ల కళ్లకి భయపడి పక్క ఊరికి పంపిన మనిషి మీద, ఆలస్యమైతే అయిందని ఒప్పుకుని మళ్లీ తన పద్ధతే చేసిన మనిషి మీద, ఒళ్లంతా మండింది. వచ్చాక ఏమనాలో మాటలన్నీ పళ్ల వెనక పేర్చుకుని కూర్చున్నాను.

మూడు దాటాక అమ్మ వచ్చింది. ఉపవాసమని ఆ పూట తన సూది ఆపుకుంది, పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు, పెదాలు ఎండిపోయాయి. తెల్లచీర చెమటకి అంటుకుపోయింది. మొహం మాత్రం వెలిగిపోతోంది, బాగా మాట్లాడావని అందరూ మెచ్చుకున్నట్టున్నారు. చెప్పులు విప్పుతూనే అడిగింది.

"తిన్నాడా?"

తువ్వాలు వైపు చూశాను. ఆవిడా చూసింది. చెప్పు ఒకటి కాలికి, ఒకటి చేతిలో, అలాగే నిలబడిపోయింది.

"నువ్వు అరగంటలో వస్తానన్నావు కదే" అంది. "అరగంటేగా, లెక్క సరిపోయిందనుకున్నా."

కరివేపాకు చెట్టు పక్కన తవ్వి పెట్టాం. పక్కింటి పిన్ని కూడా వచ్చి గుప్పెడు మట్టి వేసింది. సాయంత్రం డాక్టరమ్మకి ఫోన్‌లో చెప్పాను. "దాని ఒళ్లు సొంతంగా ఇన్సులిన్ తయారు చేసుకోవడం మొదలెట్టిందనుకుంటానండి. అందుకే తగ్గించిన మందు కూడా ఎక్కువైపోయింది. వచ్చే వారం చూసి సూది ఆపేద్దామనుకున్నా" అంది. అంటే నయమవుతోంది. నయమవుతోంది కాబట్టే పోయింది. ఈ మాట నేను అమ్మకి చెప్పలేదు. ఎప్పటికీ చెప్పను.

శనివారం అమ్మ ఫ్రిజ్ తలుపు ముట్టుకోలేదు. ఈస్టరు నాడు తెల్లవారుజామున సమాధుల తోటకి కూడా వెళ్లలేదు, నాన్న సమాధికి సున్నం వేయించి ఉంచిన మనిషి. నేను వేసుకోమని బతిమాలాను. విననట్టే గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్లీ మొదటికొచ్చామనుకున్నాను. మానిన పుండు చోట చర్మం ఇంకా గులాబీ రంగులోనే ఉంది. నాకు దాని మీద నుంచి చూపు తిప్పుకోబుద్ధి కాలేదు.

సోమవారం పొద్దున స్కూలుకి తయారవుతుంటే వంటింట్లో చప్పుడైంది. వెళ్లి చూస్తే అమ్మ నేల మీద, పిల్లి గిన్నె పెట్టే చోటికి ఎదురుగా, కంచం పెట్టుకుని కూర్చుని ఉంది. ఇడ్లీ. పక్కన తన బుడ్డీ, సూదీ. నన్ను చూసి ఎదురుగా కూర్చోమంది. కూర్చున్నాను. చివరి ముక్క దాకా తింది, ఒక్కో ముక్కా నాకు చూపించి. కంచం ఖాళీ అయ్యాక సూది నా వైపు జరిపింది.

"నా చేత్తో ఇంక పొడవలేనే" అంది. జాకెట్టు చెయ్యి పైకి మడిచి, దండచెయ్యి నా ముందు పెట్టింది. "తిన్నది చూసావుగా?"

నీకు సూది ముందు, తిండి తర్వాత అమ్మా, డాక్టరు నీకు చెప్పింది అదే కదా అనాలి. అనలేకపోయాను. అమ్మని చూసే డాక్టరుతో నేను మాట్లాడితే, అస్సలు వేసుకోకపోవడం కంటే అదే నయం అన్నాడు, మందు కొంచెం మార్చి రాశాడు.

ఇప్పుడు రోజూ అంతే. నేను బస్సుకి ఎంత ఆలస్యమవుతున్నా అమ్మ తినేదాకా ఎదురుగా కూర్చోవాలి. చివరి ముద్ద మింగి, నోరు తెరిచి చూపించి, చెయ్యి చాపి అడుగుతుంది.

"చూసావుగా?"

"చూసానమ్మా" అంటాను. అప్పుడు కళ్లు మూసుకుంటుంది, నేను పొడుస్తాను.